నీళ్ళ వెంట వెళ్ళిన నీలం పిన్ని

ఆ వీధిలో ఎవరి చేతులు చూసినా మోచేతుల దాకా నీలమే. అయినా పేరు మాత్రం ఒక్కరికే దక్కింది. నీలిమందు తొట్టిలోంచి నూలు పైకి లాగి, ఒక్కసారి వాసన చూసి, "ఇంకో మునక పడాలి" అని తేల్చేసే ఆమెను పిల్లలూ పెద్దలూ నీలం పిన్ని అంటారు. కట్టుకున్న మొగుడు కూడా అప్పుడప్పుడు నోరు జారి "పిన్నీ" అని పిలిచి చీవాట్లు తింటాడు.

ఆమె ఇంటి వెనక తలుపు తీస్తే మెట్లు, మెట్లు దిగితే నది. అద్దిన బట్టలు అక్కడే జాడిస్తారు. ఆ నీలం నీళ్ళు దిగువ ఊరికి పోతాయి. అక్కడ నది ఒడ్డునే పెద్ద లాండ్రీ షెడ్డు ఉంది. హోటళ్ళ దుప్పట్లన్నీ అక్కడే ఉతుకుతారు. ఇటు నీలం, అటు తెలుపు. తాతల నాడు రెండు ఊళ్ళూ జుట్లు పట్టుకుని, అలిసిపోయాక ఒక మాటకు వచ్చాయి. వారం మొదట్లో అద్దకం వాళ్ళు జాడించాలి, వారం చివర్లో లాండ్రీ వాళ్ళు తెల్లవి ఉతకాలి. నడుమ ఒకరోజు, రంగు దాటిపోవడానికి నదికి వదిలేయాలి. కాగితం లేదు, సంతకం లేదు. మాట తప్పినవాళ్ళూ లేరు.

అలాంటిది, ఆ ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే ఫోన్ మోగింది.

"అద్దకం వాళ్ళేనా? లాండ్రీ నుంచి మాట్లాడుతున్నా. మీ చేతిపని మా దాకా వచ్చిందండీ. హోటల్ దుప్పట్లన్నీ అద్దిపెట్టారు, మేం అడక్కుండానే!"

పిన్ని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. "మేం మా రోజుల్లోనే జాడించామమ్మా."

"మేమూ మా రోజుల్లోనే ఉతికాం. మరి తప్పు ఎవరిది, చేపలదా?" లాండ్రీ ఆమె గొంతు తగ్గించింది. "రేపు సాయంత్రానికి తెల్లవి అప్పజెప్పకపోతే హోటల్ వాళ్ళు మమ్మల్ని మాన్పించేస్తారు. మా వాళ్ళు మండిపోతున్నారు. పని పోతే మీ జాడింపు ఆపించేదాకా నిద్రపోరు. ముందే చెబుతున్నా, తర్వాత అనుకోవద్దు."

ఫోన్ పెట్టేసి పిన్ని రంగు ఊడగొట్టే పొడి డబ్బా సంచిలో వేసుకుంది.

"తప్పు మనది కాదుగా, నువ్వెందుకు పరిగెత్తడం?" అన్నాడు మొగుడు.

"తప్పు మనది కాదేమో. రంగు మాత్రం మనదేగా!"

కాపురానికి వచ్చినప్పటి నుంచి నది ఒడ్డునే బతుకుతున్నా, వంతెన దాటి దిగువకు పోవడం ఆమెకు అదే మొదలు. బస్సు కిటికీలోంచి కళ్ళింత చేసుకుని చూసింది. ఇటుక బట్టీవాళ్ళు నీళ్ళు తోడుకుంటున్నారు. ఇసుక మేటల మీద పుచ్చ తీగలకు ఆడవాళ్ళు బిందెలతో పోస్తున్నారు. తన మెట్ల దగ్గర మొదలై తన మెట్ల దగ్గరే అయిపోతుందనుకున్న నదికి ఇంత సంసారం ఉందా!

పక్క సీట్లో బాతులు మేపే ముసలాయన గొణుక్కుంటున్నాడు. "పైన కొండల పక్క రైతులు రెండో పంట వేశారమ్మా. తూములెత్తి నీళ్ళు పెట్టుకున్నారు. పంట వాళ్ళది, కాదనను. కానీ ఈ నది నడక చూడు, నిండు గర్భిణిలా! నా బాతులు ఈత మానేసి నడుస్తున్నాయి."

ఎవరో తలుపు తట్టినట్టు పిన్ని ఉలిక్కిపడింది. అదీ సంగతి! రెండు ఊళ్ళూ వారాలు లెక్కపెట్టుకున్నాయే గాని, నీళ్ళ నడక ఎవరూ చూడలేదు. నది నీరసించి, రంగును ఆలస్యంగా మోసుకొచ్చింది.

షెడ్డులో లాండ్రీ ఆమె నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. పిన్ని పలకరింపులు పెట్టుకోకుండా గోరువెచ్చని నీళ్ళలో సోడా, పొడి కలిపి దుప్పటి ముంచింది. చూస్తుండగానే నీలం విరిగి బట్ట పచ్చబడింది.

"బాగుంది! నిన్న నీలం, ఇవాళ పచ్చకామెర్లు," అన్నాడు ఇస్త్రీ చేసేవాడు.

"నవ్వులు తర్వాత. గాలి తగిలితే నీలం మళ్ళీ తిరిగొస్తుంది. వెంటనే మంచినీళ్ళలో జాడించాలి. ఎక్కడున్నాయి?"

నదిలో ఇంకా రంగే. కుళాయి తాగడానికే చాలదు. లాండ్రీ ఆమె ఒక్క క్షణం ఆలోచించి, పక్క సందులోని ఐసు ఫ్యాక్టరీకి పిన్నిని లాక్కెళ్ళింది.

ఐసు మామ దిమ్మల మధ్య దిగాలుగా కూర్చుని ఉన్నాడు. "నది తగ్గి పడవలు ఇసుకలో కూరుకుపోయాయి. చేపల్లేవు, ఐసు అడిగేవాడు లేడు. కరిగి మోరీ పాలవుతోంది, పట్టుకుపోండి. ఈ సీజనంతా మా గోనెపట్టలు ఉతికిపెట్టాలి మరి!"

"ఉతుకుతాం మామా, ఇస్త్రీ కూడా చేస్తాం!"

ఆ మధ్యాహ్నం షెడ్డంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి కెవ్వుమంటూ నవ్వింది. వేళ్ళు కొయ్యబారితే ఇస్త్రీ పెట్టె దగ్గరకు పరిగెత్తడం, మళ్ళీ వచ్చి జాడించడం. "నీలం చేతులని చులకన చేశాను, క్షమించు వదినా," అంది లాండ్రీ ఆమె, పళ్ళు టకటకలాడుతుంటే. ఎప్పుడు వదినలయ్యారో ఇద్దరికీ తెలియదు.

మర్నాడు సాయంత్రం హోటల్ మేనేజరు వచ్చి దుప్పట్లు ఎండకు ఎత్తి చూశాడు. "ఏదో నీలం ఛాయ ఉన్నట్టుందే?"

"తెల్లబట్టకు కాస్త నీలం పెడితేనే తళతళ అని మీ అమ్మగారిని అడిగినా చెబుతారండీ," అంది లాండ్రీ ఆమె, కళ్ళార్పకుండా. మేనేజరు నవ్వేసి బండిలో వేయించుకున్నాడు. పని నిలిచింది.

బస్సు వచ్చేలోపు వదినలిద్దరూ గట్టు మీద కూర్చుని కొత్త మాట అనుకున్నారు. ఇక వారాల లెక్క వద్దు. అద్దకం వాళ్ళ ఆఖరి జాడింపు అయ్యాక సున్నం పూసిన ఎండు సొరబుర్రలు నీళ్ళలో వదలాలి. అవి లాండ్రీ గట్టు దాటి, వెనకే నీళ్ళు తేటపడేదాకా తెల్లబట్ట తడపకూడదు. తూములెత్తేటప్పుడు చెప్పమని కొండల పక్కకూ కబురు పంపాలి.

మొదటి బుర్రలను పిన్ని మొగుడు వదిలాడు. రోజులు గడిచాయి, కబురు లేదు. పిన్ని మెట్లెక్కుతూ దిగుతూ ఒకటే గోల. చివరికి ఫోన్ మోగింది.

"వచ్చాయి వదినా! ఒకదాని మీద తాబేలు ఎక్కి కూర్చుంది, టికెట్ లేకుండా!"

"నీళ్ళెలా ఉన్నాయి?"

"తేటగా. తెల్లవి తడిపేశాం," అంది అవతలి గొంతు. వెనక బండల మీద బట్టలు బాదుతున్న చప్పుడు పిన్నికి వినబడుతూనే ఉంది.