కోక్-జాల్ బస్తీలో పొయ్యిల లెక్క

సాయ్కల్ ఇరవై ఆరు సంవత్సరాలుగా నగర ప్రణాళికా బృందంలో పటాలు గీస్తున్నారు. ఆమె నివాసం కొండవాలున ఉన్న కోక్-జాల్ బస్తీలో. బృందంలోని చిన్నవారందరికీ ఆమె "ఎజె", అనగా అక్క.

ఆ శీతకాలంలో కోక్-జాల్‌కు తాగునీటి గొట్టం ఎంత వెడల్పున వేయవలెనో శుక్రవారం లోగా తేల్చవలసి వచ్చింది. ఒకసారి పూడ్చిన గొట్టాన్ని మరల ఇరవై ఏళ్ల వరకు తవ్వరు. కంప్యూటరులో బస్తీ నమూనా తయారుచేసిన తీలెక్ అనే యువకుడు గేటుకు ఒక కుటుంబం చొప్పున గణించాడు. గేట్లు ఆరు వందలు. కావున సన్న గొట్టమే చాలునని తేలింది. సన్న గొట్టమైతే పై వీధులకు నీరెక్కదు. సాయ్కల్ ఇల్లు అక్కడే.

"ఏరా తీలెక్, మా ఇంటికి గేట్లెన్ని?"

"ఒకటే కదా ఎజె."

"పొయ్యిలు మూడు! పెళ్లైన ఇద్దరు కొడుకులకీ పెరట్లో చెరో గది కట్టిచ్చాం. కోడలొచ్చాక వేరే పొయ్యి పెట్టకపోతే ఊరుకుంటారా? కడగొట్టువాడు ఎలాగూ మాతోనే."

"అందరిళ్లల్లో అంతేనా ఏంటి?"

"ఫ్లాట్‌లో పుట్టినోడివి, నీకెలా తెలుస్తుంది! రేపు పొద్దున్నే రా. ఆ షోకు బూట్లతో జారిపడితే మాత్రం నేను లేపను."

మంగళవారం మొదలు మూడు ఉదయాలు వారిరువురు మంచులో వీధి వీధి తిరిగి పొగగొట్టాలను లెక్కించారు.

"అదిగో, ఇంకోటి!" అన్నాడు తీలెక్ హుషారుగా.

"అది వాళ్ల స్నానాల గది పొగ, వేరే కాపురం కాదు. కొట్టెయ్. మనకి లాభమని దొంగ లెక్క రాస్తామా?"

అట్లు కొట్టివేయగా మిగిలినవి వెయ్యిన్ని ఇరవై. తీలెక్ రాత్రికి రాత్రి నమూనాను సరిచేశాడు.

శుక్రవారం, అందరూ "బైకె", అనగా అన్న, అని పిలిచే బృందాధిపతి అసాన్‌కుల్ కాగితాలు చూచి కనుబొమలు ముడిచారు. "పొగ చూసి గొట్టాలు వేయమంటావా, సాయ్కల్?"

"పొగ కింద టీ కాస్తున్నారండీ, అసాన్‌కుల్ బైకె. నీళ్లు లేకుండా కాస్తారా? నమ్మకం లేకపోతే మీరే రండి. ఏ తలుపు తట్టినా టీ తాగకుండా వదలరు, సాయంత్రానికి మీ పొట్టే లెక్క చెబుతుంది."

గదిలో అందరూ నవ్వారు. అసాన్‌కుల్ మాత్రం నవ్వలేదు. స్నానాల గదులను కొట్టివేసిన జాబితాను ఆసాంతం చదివి, వెడల్పు గొట్టానికి సంతకం చేశారు. పిదప తీలెక్‌ను పిలిచి, మిగిలిన ఎనిమిది బస్తీల నమూనాలను సాయ్కల్ చూడనిదే పైకి పంపరాదని ఆదేశించారు.