ఖాళీ మేకు

ప్రతి మనిషినీ పేరుతో ఎరిగిన దేవునికి, వందమందిలో ఒక్కరు తగ్గినా వెదకబోయే దేవునికి మొదట నా స్తోత్రం. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకున్న ఊపిరి కూడా ఆయన ఇచ్చిందే.

ఈ ఉదయం నా వేళ్లకు చింతపండూ ఇత్తడీ కలిసిన వాసన పట్టుకుంది. ప్రతి శనివారం ఎనిమిది ఇత్తడి బిళ్లలను చింతపండు నీళ్లలో నానబెట్టి, తోమి, ఎండలో ఆరబెడతాను. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా మధ్యాహ్నం దాకా ఆ వాసన పోదు. పోవాలని నాకూ లేదు. అది ముక్కుకు తగిలితే చాలు, దేవదానం పెద్దనాయన పక్కన నిలబడి చెబుతున్నట్టే ఉంటుంది. "వెనకపక్క కూడా తోమమ్మా. నంబరు ఉండే పక్క ఒకటే మెరిస్తే సరా?"

ఆయన మాకు చుట్టం కాదు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో గని కార్మికుల వరుస ఇళ్లను లైన్లంటారు, మా లైనులో పక్కింటి మనిషి, మా తెలుగు చర్చి సంఘంలో పెద్ద. బక్కగా ఉండేవాడు. రిటైరయ్యాక కూడా ఖాకీ చొక్కానే వేసేవాడు, జేబులో ఎప్పుడూ పొట్టి పెన్సిలు ఒకటి. బంగారు గనిలో ముప్పై ఏళ్లు టోకెన్ల కిటికీ దగ్గర పనిచేశాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ బోర్డు మీది మేకు నుంచి తన నంబరున్న ఇత్తడి బిళ్ల తీసుకుని దిగాలి, పైకి వచ్చాక అదే మేకుకు మళ్లీ తగిలించాలి. షిఫ్టు ముగిసే వేళకు ఏ మేకైనా ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఆ మేకు నిండేదాకా పెద్దనాయన ఇంటికి వచ్చేవాడు కాదు. చర్చిలోనూ ఆయనది అదే పద్ధతి. ఆదివారం మన చోటు ఖాళీగా కనబడితే మధ్యాహ్నానికి మన వాకిట్లో ఉండేవాడు. ఆయన వస్తున్నాడని తెలిస్తే జ్వరం లేనివాళ్లు కూడా దుప్పటి కప్పుకునేవాళ్లు.

ఆ మేకుల కథలో మా నాన్న కూడా ఉన్నాడు. నేను పుట్టిన రోజు, పైకి వచ్చిన నాన్నకు ఆడపిల్ల పుట్టిందని ఎవరో చెప్పారు. టోకెను జేబులో ఉండగానే ఆయన ఇంటికి పరుగెత్తాడు. గని దగ్గర మేకు ఖాళీ, ఇంట్లో చూసిరావాలని ఎవరికీ తట్టలేదు. పెద్దనాయన రెండు షిఫ్టులు అక్కడే నిలబడ్డాడు. వెదకడానికి నలుగురిని మళ్లీ గనిలోకి దింపారు. నాన్న మరునాడు మిఠాయి పొట్లంతో పనికి వస్తే ఆ నలుగురూ తిట్టిన తిట్లు మా వీధి చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వింది. ఆ నలుగురిలో ఒకడు ఫ్రాన్సిస్ మామ. రాయి తొలిచే పని చేసి, దుమ్ముకు గొంతు బొంగురుపోయిన మనిషి. నా ప్రతి పుట్టినరోజుకూ ఒకటే మాట అనేవాడు. "నువ్వు పుట్టినావని గని అంతా వెదికినాము పాపా."

గనులు మూతపడ్డాక మా లైన్లు పలచబడ్డాయి. కొందరు మాలూరు ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు, కొందరు తెల్లవారే రైలెక్కి బెంగళూరు వెళ్లి చీకటిపడ్డాక తిరిగి వచ్చేవాళ్లు. వయసు పెరిగినా బుద్ధి పెరగని కొడుకులున్న ఇళ్లు కొన్ని ఉండేవి. తల్లిదండ్రులు పోయారు, అన్నదమ్ములు ఊరు వదిలారు, వీళ్లు మిగిలారు. భార్య పోయి ఒంటరిగా ఉన్న పెద్దనాయన, సంఘం సాయంతో అలాంటివాళ్లను ఎనిమిది మందిని తన ఇంటికి తెచ్చుకున్నాడు. అందరూ నడివయసు మగవాళ్లు. మొదటి వారమే వాళ్లలో చిన్నప్ప అనే ఆయన కూలిన వెనక గోడ దాటి వచ్చి మా వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. అమ్మ కేక వీధంతా వినబడింది. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ. ఆ రాత్రి తలుపుకు పెట్టె అడ్డం పెట్టి పడుకున్నాం. మా భయం అబద్ధం కాదు.

వీధి కోపంతో ఉడికిపోయింది. "ఇది సంసారులు ఉండే లైను. పిచ్చాసుపత్రి కాదు" అన్నాడు ఫ్రాన్సిస్ మామ. మున్సిపాలిటీకి అర్జీ పెట్టాలన్నారు. నా దస్తూరి బాగుంటుందని, సండే స్కూలు చెబుతానని, రాసే పని నాకు అప్పగించారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. భక్తితో, గర్వంతో రాశాను.

సంతకాలు మొదలుకాకముందే పెద్దనాయన మా వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "అర్జీ నా మీదంట కదా. చదువమ్మా, వింటాను."

కాగితం విప్పాను. మొదటి మాట చదివాను. వెనక గోడ కూలి ఉంది, వాళ్లు మా ఇళ్లలోకి వస్తున్నారు.

"న్యాయం. తప్పు చిన్నప్పది కాదు, గోడ కట్టకుండానే తెచ్చి పెట్టుకున్న నాది. ఇంగా గట్టిగా రాయి."

రెండో మాట. తెల్లవారి అయిదింటికే గట్టిగా పాటలు పాడుతున్నారు.

"అదీ న్యాయమే. ఆరున్నరకు మారుస్తాను. అయితే ఫ్రాన్సిస్ ఇంట్లో శుక్రవారం ప్రార్థనకు మైకు పెట్టి తొమ్మిదింటి దాకా పాడతారే, ఆ అర్జీ ఎవరు రాస్తారు?" తలుపు వెనక అమ్మ నవ్వు ఆపుకోవడం నాకు వినబడింది.

మూడో మాట. వాళ్లు వీధిలో తిరగరాదు.

ఆయన పెన్సిలు తీసి నా చేతిలో పెట్టాడు. "కొట్టెయ్యి. వీధి నీదీ కాదు, నాదీ కాదు. నడిచేవాళ్లందరిదీ."

నాలుగోది నేను అన్నిటికంటే ఇష్టంగా రాసుకున్న మాట. అపవిత్రులను పూర్వం ఇశ్రాయేలీయుల గుడారాల పాళెం వెలుపల ఉంచేవారు గనుక, ఇలాంటివారు సంసారుల మధ్య ఉండటం తగదు. అది చదివేటప్పుడు నా గొంతు కొంచెం లేచింది కూడా.

ఆయన నా వైపు తిరిగాడు. "ఆ తరవాత పాళెం వెలుపలికి ఎవరు పోయినారు తల్లీ?"

నాకు జవాబు తెలుసు. ఈస్టరుకు ముందు శ్రమల కాలంలో పిల్లలకు ఏటా చెప్పే పాఠమే అది. "యేసయ్య. సిలువ మోసుకుని ఊరి వెలుపలికి పోయినాడు" అన్నాను.

"ఆ మాట కూడా కిందనే రాయి. సగం వాక్యం రాసి సంతకాలు అడగరాదు."

ఆ వాక్యాన్ని ఎవరూ చెప్పకుండానే నేనే కొట్టేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన మాత్రం అరుగు మీద ఇంకా సర్దుకుని కూర్చున్నాడు. "కాలువ సంగతి మరిచినావు. మా స్నానాల నీళ్లు మీ వాకిట్లోకే వస్తా ఉండాయి, రాయి. ఎనిమిది మంది కంటే ఎక్కువ ఉండరాదు, రాయి. రాత్రిపూట ఇద్దరు మనుషులు చూసుకోవల్ల. ఏదన్నా జరిగితే ఎవరిని అడగల్లో ఆ పేరు, ఫోను నంబరు గేటు మీద ఉండల్ల."

"పెద్దనాయనా, ఇవన్నీ మీకే బరువు కదా?"

"బరువే. పక్కింటోళ్లకు ఆ హక్కు ఉండాది. మేము ఎట్ల ఉండల్ల అని అడుగు, పదిసార్లు అడుగు. ఎవరు ఉండల్ల అని మాత్రం అడగొద్దు."

తనకు వ్యతిరేకంగా పెట్టే అర్జీని దిద్ది బలపరిచిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు.

వారం తరవాత మున్సిపాలిటీ అధికారి ఒకరు మా చర్చి హాలుకు వచ్చారు. దిద్దిన అర్జీని నేను చదివాను. సగంలోనే ఫ్రాన్సిస్ మామ లేచాడు. "ఇది మన అర్జీనా, ఆయన అర్జీనా? నువ్వు ఎవరి పక్క పాపా?"

"మన పక్కే మామా. మనం అడగదగినవన్నీ ఇందులో ఉన్నాయి" అన్నాను. అందరి ముందూ లేచి నిలబడి మాట్లాడటం నా జీవితంలో అదే మొదలు.

పెద్దనాయన అన్నిటికీ ఒప్పుకున్నాడు. మామ వదల్లేదు. "రాతలో అన్నీ బాగానే ఉంటాయి సార్. సాయంత్రం ఒకడు లోపలికి రాకపోతే? ఎవరింట్లోనన్నా దూరితే?" అధికారి ఆలోచించి చెప్పారు. "మూడు నెలలు చూస్తాను. సాయంత్రం ఆరుకల్లా అందరూ లోపల ఉండాలి. ఒక్కరు లేకపోయినా వీధివాళ్లు నాకు ఫోను చేయవచ్చు. అప్పుడు ఇల్లు మూయిస్తాను." నంబరు రాసి ఫ్రాన్సిస్ మామ చేతికే ఇచ్చారు. ఇల్లు మూస్తే ఆ ఎనిమిది మందికీ వెళ్లడానికి ఎక్కడా చోటు లేదు. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు.

పది రోజుల్లో వెనక గోడ లేచింది, కాలువ మళ్లింది. ఆ తరవాత వీధివైపు గోడకు, గేటు పక్కన, ఒక చెక్కబోర్డు వచ్చింది. దానికి ఎనిమిది మేకులు, ఎనిమిది ఇత్తడి బిళ్లలు. బిళ్లలు బంగారుపేటలో చేయించి, నంబర్లు ఆయనే కొట్టాడు. బయటికి పోయేవాడు తన బిళ్ల తీసుకుపోవాలి, వచ్చాక తగిలించాలి. "వీధికి తెలియల్ల కదా, ఎవరు లోపల, ఎవరు బయట అని" అన్నాడు.

మనుషులకు నంబర్లు వేసి వీధికి చూపడం అవమానం కాదా అని అడిగాను.

"గనిలో నంబరు ఉండేవాడి కోసం ఒకడు కాచుకుని ఉంటాడమ్మా. నంబరు లేనోడే దిక్కులేనోడు." చిన్నప్పది నాలుగో నంబరు. దాన్ని చొక్కాకు రుద్ది రుద్ది అందరికీ చూపించేవాడు.

రెండో నెలలో ఒక సాయంత్రం నేను పాఠాలు చెప్పే బడి నుంచి వస్తున్నాను. దూరం నుంచే కనబడింది, బోర్డు ముందు ఫ్రాన్సిస్ మామ నిలబడి ఉన్నాడు. దగ్గరికి వస్తే నాలుగో మేకు ఖాళీ. ఆరు దాటి పది నిమిషాలైంది. గని వ్యర్థపు మట్టి పోసిన సైనైడు దిబ్బల వైపు పెద్దనాయన వెదకడానికి పోయాడని లోపలివాళ్లు చెప్పారు. మామ జేబులో అధికారి నంబరుంది.

"ఫోను చేసినారా మామా?"

ఆయన బోర్డు మీదనుంచి చూపు తిప్పలేదు. "నాలుగో నంబరు పైకి రాలేదు పాపా." బొంగురు గొంతు ఇంకా బొంగురుగా ఉంది. "ఇంటికి పోదామనే వచ్చినాను. మేకు ఖాళీగా ఉంటే యాడికి పోయేది? కాళ్లు రావడంలే."

నేనూ వెదుకుదామని, సంచి పడేయడానికి మా ఇంట్లోకి పరుగెత్తాను. వెనక మెట్ల మీద చిన్నప్ప కూర్చుని మా అమ్మతో కలిసి అనపకాయలు ఒలుస్తున్నాడు. ఎదురుగా పెద్ద కుప్ప. చొక్కా జేబులో బిళ్ల. "ఇప్పుడు వాకిలి నుంచే వస్తాడు, తలుపు తట్టినాడు" అంది అమ్మ తాపీగా, గంట ఎంతైందో గమనించనే లేదు. "కూర్చో అంటిని. పని బాగా చేస్తాడు."

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. మామ చిన్నప్ప జేబు చూశాడు, తరవాత నన్ను చూశాడు. "మీ ఇంట్లోనేనా? ఆ పొద్దు మీ నాయన, ఈ పొద్దు వీడు. టోకెన్లన్నీ మీ ఇంటికే ఎందుకు వస్తాయో తెలీదు." చిన్నప్ప బిళ్ల తగిలించాడు. అది వంకరగా ఉంటే మామ వేలితో సరిచేశాడు.

అప్పుడే పెద్దనాయన మోకాళ్ల దాకా బూడిదరంగు దుమ్ముతో వచ్చాడు. మేకు చూసి, గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. "ఎంతసేపు నిలబడినావు ఫ్రాన్సిస్?"

"నిండేదాకా." మామ జేబులోంచి నంబరు కాగితం తీశాడు. "ఆరు దాటింది. మాట ప్రకారం నేను ఫోను చేయల్ల."

"చెయ్యి. అది నీ హక్కు." బతిమాలలేదు, ఒక్క మాట తగ్గించలేదు. ఇల్లు పోతుందని తెలిసి కూడా ఆయన అదే అన్నాడు. ఆ క్షణంలో ఆయన పక్కింటి పిల్లనైనందుకు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

మరునాడు పొద్దున మామ మా ముందే ఫోను చేశాడు. "సార్, నిన్న ఆరు దాటినా ఒక మేకు ఖాళీగా ఉన్నింది. పక్కింట్లోనే ఉన్నాడు, వచ్చినాడు. దాచకుండా చెప్తా ఉండాను. ఇల్లు మూయమని చెప్పడంలే సార్. బోర్డు కాడ వెలుతురు లేదు. ఒక దీపం వేయించండి."

దీపం వచ్చింది. ఇల్లు నిలిచింది. మామ సణుగుడు మానలేదు. కాలువ మూసుకుంటే మొదట అరిచేది ఆయనే. కానీ నడవగలిగినన్నాళ్లు ఆరింటికి ఆ బోర్డు ముందు నిలబడ్డాడు. శుక్రవారం మైకు మాత్రం ఎనిమిదింటికే ఆగిపోయేది. పెద్దనాయన పోయినప్పుడు శవపెట్టెను ముందువైపు ఒకపక్క మామ, ఒకపక్క చిన్నప్ప పట్టారు. ఆ తరవాత ఇంటి బాధ్యత సంఘం నాకు అప్పగించింది.

ఇప్పుడు మాలూరులో రెండో ఇల్లు తెరవబోతున్నాం. అక్కడి వీధివాళ్లు అర్జీ పెట్టారు. నకలు నా ముందుంది, తొమ్మిది మాటలు. పొట్టి పెన్సిలు పట్టుకుని చదివాను. ఆరు న్యాయమైనవి. మూడింటి గురించి వాళ్ల అరుగుల మీద కూర్చుని మాట్లాడాలి. మేం తీసుకున్న ఇంటి మేడమెట్లకు పిట్టగోడ లేదన్న సంగతి వాళ్లు మరిచిపోయారు. పదో మాటగా అది నేనే రాశాను. సోమవారం తీసుకుపోయి వాళ్ల చేతికే ఇస్తాను.

చదివే మీరు నాతో కలిసి ప్రార్థించండి. భయపడుతున్న ఆ వీధి తల్లుల కోసం, చోటు కోసం ఎదురుచూస్తున్న ఆ కొడుకుల కోసం. ప్రభువా, సాయంత్రానికి ఏ మేకూ ఖాళీగా ఉండనివ్వకు. ఉంటే, దాని ముందునుంచి కదలలేని మనిషిని ఒకరిని ఆ వీధికి ఇవ్వు. ఆమెన్.