బేగం నెరిసిన జుట్టు

2022లో నేను దుబాయ్‌లోని ఒక ప్రైవేటు చిత్ర సంరక్షణశాలలో సీనియర్ కన్సర్వేటర్‌గా ఉన్నాను. మాది కడప. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక మ్యూజియం ప్రయోగశాలలో పనిచేసి, స్వచ్ఛంద విరమణ తీసుకుని వెళ్లాను. పాత చిత్రం ఇంకా పాడవకుండా ఆపడమే మా వృత్తి. దాన్ని అందంగా మార్చడం మా పని కాదు.

ఆ వేసవిలో నా బల్ల మీదికి కోడిగుడ్డంత చిత్రం ఒకటి వచ్చింది. కాగితం మీద నీటిరంగులు, చుట్టూ బంగారు చట్రం, మెడలో వేసుకోవడానికి పైన కొక్కెం. ఒకప్పుడు పాలకులు తమ ముఖాన్ని ఇలా గీయించి సాటి రాజులకు, దూతలకు కానుకగా పంపేవారు. ఇందులో ఉన్నది ఒక చిన్న సంస్థానాన్ని ఏలిన బేగం. నెరిసిన జుట్టు, కళ్ల కింద ముడతలు, బిగించిన పెదవులు. చూపు మాత్రం సూటిగా మన మీదే ఉంటుంది.

దాన్ని కొన్నది దుబాయ్‌లో స్థిరపడ్డ ఒక వ్యాపారి. తన వ్యాపార భాగస్వామికి బహుమతిగా ఇవ్వాలట. ముసలామె బొమ్మ ఎలా ఇస్తామని, జుట్టు నల్లగా, చర్మం నున్నగా చేయమన్నాడు. ఆ తెలుపు తర్వాత ఎవరో వేసిందేనని ఆయన వాదన.

మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. కొన్నిచోట్ల నల్ల వెంట్రుక తెల్లదాని మీదుగా పోయింది, కొన్నిచోట్ల కింది నుంచి. తర్వాత వేసిందైతే తెలుపంతా పైనే ఉండేది. రెండూ ఒకే చేయి, ఒకే పూట వేసినవి. చిత్రకారుడు ముసలితనాన్ని దాచలేదు. దాచమని బేగం అడిగి ఉంటే దాచకుండా ఉండగలిగేవాడా? ఆ ముఖాన్నే ఆమె పంపదలచింది.

ఇలాంటి రంగు తడి కుంచె తగిలితే లేచిపోతుంది. మళ్లీ రాదు. అందుకే మా దగ్గర సీనియర్ సంతకం లేకుండా ఏ చిత్రం మీదా పని మొదలుపెట్టకూడదు. నేను సంతకం పెట్టలేదు.

మా మేనేజరుది రాజమండ్రి. దుబాయ్ అలవాటు ప్రకారం ఆయన్ను అందరం ముదీర్ అనేవాళ్లం, అరబ్బీలో మేనేజరు అని. ఆయన నా గదికే వచ్చాడు.

"ఏవండీ మేడం, నాలుగు తెల్లెంట్రుకలకి ఇంత గొడవేంటండీ? ఖలాస్ చేసెయ్యండి, పెద్ద పార్టీ."

"చెయ్యను సార్. అవి ఆమె ఎంటికలు."

"వచ్చే నెల మీ వీసా రెన్యువల్ ఉందండోయ్."

"వీసా మీ చేతిలో ఉంది సార్. సంతకం నా చేతిలో ఉండాది."

ఆయన నేరుగా పక్క బల్ల దగ్గరికి వెళ్లి, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నా సహోద్యోగి గ్రేస్‌ను చేయమన్నాడు. ఇంటికి డబ్బు పంపాల్సిన మనిషి. ఆమె చిత్రం వైపు, నా వైపు చూసి, కుంచె కడిగి డబ్బాలో పెట్టేసింది. "మేడం సైన్ నహీ, మై హాథ్ నహీ లగాతీ" అంది, మేడం సంతకం లేనిదే నేను చెయ్యి పెట్టనని. ఆమెకు వచ్చిన హిందీ అంతే. అది చాలు.

రెండు రోజులకు ఆ వ్యాపారి స్వయంగా వచ్చాడు. క్షమాపణ చెప్పమని ముదీర్ కళ్లతో సైగ చేశాడు. చెప్పలేదు. మైక్రోస్కోపు ముందుకు కుర్చీ జరిపాను. ఆయన చాలాసేపు చూశాడు.

"నా డబ్బు పెట్టి కొన్నానమ్మా. నా ఇష్టం" అన్నాడు లేచి.

"కొన్నారు. తీసుకుపోండి. మా బల్ల మీద మాత్రం ఆమె వయసు తగ్గదు."

చిత్రాన్ని పెట్టెలో పెట్టించుకుని వెళ్లిపోయాడు. తర్వాత వేరేచోట ఏం చేయించాడో నాకు తెలియదు. తెలుసుకునే అధికారం మాకు లేదు కూడా.

నా వీసా రెన్యువల్ కాలేదు. దుబాయ్‌లోని సత్వా పేటలో నేనుంటున్న గది ఖాళీ చేసి కడప చేరాను. గ్రేస్‌ను మాత్రం తీసేయలేకపోయారు; సూక్ష్మచిత్రాల పని తెలిసినవాళ్లు అక్కడ ఇంకెవరూ మిగల్లేదు. ఇప్పుడు సంతకం ఆమెదే.

మా వృత్తిలో చిత్రం ఎవరిదో వాళ్లే యజమాని, జీతం ఇచ్చేవాడే పైఅధికారి. ఈ రెండూ నేను ఏనాడూ కాదనలేదు. కానీ చెరిపే చేయి మనదైనప్పుడు, చెరపనని చెప్పే హక్కూ మనదే. ఆ హక్కు వాడుకున్నందుకు ఉద్యోగం పోవచ్చు. పోయినా ఆ హక్కు వాడుకోవాల్సిందే.