నా వేలికి తగిలిన బంతి

ఒక మాట మోస్తున్నాను. చిన్న మాటే. మోయడం మొదలుపెట్టినప్పుడు నాకు తలనిండా జుట్టు ఉండేది, నడుము అనేది ఒకటి ఉండేది. ఇప్పుడు రెండూ లేవు. మాట ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ తరగకుండా పెరిగేది మనిషికి పొట్ట ఒక్కటే అనుకునేవాణ్ణి. అబద్ధం కూడా పెరుగుతుందని ఆలస్యంగా తెలిసింది.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్లు నవ్వేస్తారు. హాస్యం రాసేవాడికి అదో శాపం. నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిచి వస్తే, దారిలో కనిపించిన కుక్కను పులిని చేసి, రెండు చినుకుల్ని మూసీ వరద చేసి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. మా ఆవిడ నేను చెప్పిన ప్రతిదాన్నీ నాలుగుతో భాగించి వింటుంది. మీరు మాత్రం ఇవాళ భాగించకండి. ఉన్నది ఉన్నట్టే చెబుతాను. అలవాటు కొద్దీ ఎక్కడైనా కాస్త ఉబ్బితే, అది సరదాకే గాని తప్పించుకోవడానికి కాదు. నిజంగానా? ఉబ్బించి చెప్పడం తప్పించుకోవడానికి కాకపోతే మరి దేనికి నేర్చుకున్నాను?

సరే. మొదలుపెడతాను.

నాంపల్లి స్టేషను వెనక సందుల్లో మా గ్రౌండు ఉంది. గ్రౌండంటే మరేం కాదు, రెండు ఇనుప స్తంభాలు, ఒక నెట్టు, చుట్టూ ఇళ్ల వెనకగోడలు, వాటి మీద ఆరేసిన చీరలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు మా తాత గుంటూరు నుంచి ఫైళ్లతోపాటు బదిలీ అయివచ్చి ఆ సందులోనే కిరాయికి దిగాడు. అందుకని మా ఇంట్లో ‘ఇక్కడ, అక్కడ’, గడప దాటితే ‘గీడ, గాడ’. నేను రెండు భాషల్లోనూ అబద్ధం ఆడగలను.

ఆ గ్రౌండులో వాలీబాల్ ఆడేవాళ్లం. అక్కడే జీవరత్నం ఆడేవాడు.

మెదక్ నుంచి వచ్చిన కుటుంబం. అబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే పని. సాయంత్రం దుకాణం నుంచి నేరుగా గ్రౌండుకే. అతను గాల్లోకి లేస్తే మొజంజాహీ మార్కెట్ గడియారం ఒక్క క్షణం ఆగి చూసేది. స్మాష్ కొడితే, కోఠిలో కండక్టర్లు టైరు పేలిందనుకుని బస్సు దిగేవారు. దీన్ని నాలుగుతో భాగించక్కర్లేదు, రెండుతో చాలు. అంతటి ఆటగాణ్ణి ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. నేను అసలే చూడలేదు, ఎందుకంటే అతను స్మాష్ కొట్టేటప్పుడు నెట్టుకు ఇవతల కళ్లు మూసుకునేది నేనే.

అతనికి లేనిది జట్టు. వాలీబాల్ ఆరుగురి ఆట. అతని పక్కన ఒకడికి మోకాలు నొప్పి, ఒకడికి పెళ్లిచూపులు, బంతి లేపి ఇవ్వాల్సినవాడికి అరచేతుల్లో చెమట. మా జట్టులో ఐదుగురు నిఖార్సైన ఆటగాళ్లు, ఆరోవాణ్ణి నేను. పొడుగ్గా ఉన్నానని నెట్టు దగ్గర నిలబెట్టేవారు, బట్టలారేసే దండెం కర్రలాగ. నలుగురిలో బాగా మాట్లాడతానని కెప్టెన్ని చేశారు.

మా గ్రౌండుకు ఒక ఆచారం ఉంది. అది చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. బంతి లైను అవతల పడింది సరే, పడేముందు ఎవరి చేతికైనా తగిలిందా లేదా అన్నది రెఫరీ చెప్పడు. తగిలినవాడే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. అవతలివాడు కావాలంటే ఒక్కసారి అడగొచ్చు. జవాబు వచ్చాక రెండోసారి అడగడం లేదు. అడిగితే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టు. మా గ్రౌండు పెద్దలు ఆ ఒక్క మర్యాద మీద ఆట నడిపారు. తన జట్టు ఓడిపోతుందని తెలిసి కూడా చెయ్యెత్తినవాళ్లను చూశాను. వాళ్లను చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ ఏడు ఫైనల్లో మాకూ జీవరత్నం జట్టుకూ పోటీ. ఆఖరి సెట్టు. మేం ఒక్క పాయింటు గెలిస్తే కప్పు మాది. జీవరత్నం లేచాడు. నేను కళ్లు మూసుకుని చేతులెత్తాను. బంతి నా కుడిచేతి చిటికెన వేలి చివరను కోసుకుంటూ వెనక్కి వెళ్లి, లైనుకు జానెడు అవతల పడింది. తగిలితే పాయింటు వాళ్లది, స్కోరు సమానం. తగలకపోతే కప్పు మాది.

రెఫరీ నావైపు చూశాడు. మా వాళ్లు అప్పటికే అరుస్తున్నారు. చెయ్యెత్తాలి. ఎంత సేపు? ఒక ఊపిరి సేపు. ఆ ఊపిరిలో ఏం ఆలోచించాను? ఏమీ ఆలోచించలేదు అంటే బాగుంటుంది. కానీ ఆలోచించాను. ‘ఎవరూ చూడలేదు’ అనుకున్నాను.

జీవరత్నం నెట్టు కిందనుంచి వంగి వచ్చాడు.

“తగిలిందారా?”

“లేదు.”

“గట్లనా.” నా మొహంలోకి ఒకసారి చూశాడు. “అయితే నేనే బయటికి కొట్టిన.”

నా భుజం తట్టి వెళ్లిపోయాడు. రెండోసారి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. చెప్పేవాణ్ణా?

గెలిచిన జట్టు మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లి కప్పునిండా ఫ్రూట్ ఐస్‌క్రీమ్ పోయించుకుని, ఒకే కప్పులో అందరూ తినడం ఇంకో ఆచారం. సీతాఫలం ఐస్‌క్రీమ్. చెంచా పట్టుకుంటే చిటికెన వేలు సలిపింది. గోరు కింద నల్లగా రక్తం గడ్డకట్టింది. ‘ఏమైంది కెప్టెన్’ అని ఎవరో అడిగితే తలుపు సందులో పడిందన్నాను. ఐస్‌క్రీమ్ కరిగేలోపే రెండో అబద్ధం. మొదటిదాని కంటే సులువుగా వచ్చింది.

ఆ తర్వాత జీవరత్నం జట్టు చెదిరిపోయింది. అతను మరో ఫైనల్ ఆడలేదు. నన్ను మాత్రం సందంతా కెప్టెన్ సాబ్ అనడం మొదలుపెట్టింది, ఇప్పటికీ అంటోంది. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుంటూ ఉంటే, గుంపులో అతని తల కనబడగానే నేను పోస్టాఫీసువైపు రోడ్డు దాటేసేవాణ్ణి. బస్సులకు భయపడనివాణ్ణి ఒక మంచి మనిషి నమస్కారానికి భయపడేవాణ్ణి.

అక్కడితో ఆగితే నేను ఉత్త పిరికివాణ్ణి. ఆగలేదు. ఆటల గురించి ఎక్కడ వాదన జరిగినా, కప్పు గెలవనివాడు గొప్పవాడా కాదా అన్న మాట ఎవరెత్తినా, అందరికంటే గట్టిగా అరిచేది నేనే. ‘గొప్పవాడైతే గెలిచేవాడు కదా’ అనేవాణ్ణి. ఒక సభలో మైకు పట్టుకుని, “కప్పులేని వీరుడు పెళ్లికొడుకు లేని ఊరేగింపు” అన్నాను. హాలు పగిలిపోయేలా నవ్వారు. ముందు వరుసలో జీవరత్నం కూడా నవ్వాడు. మనస్ఫూర్తిగా నవ్వాడు.

ఎందుకంత గట్టిగా వాదించాను? నా మట్టుకు నాకు తెలుసు. కప్పు కొలబద్ద కాకపోతే నేనేమిటి? దండెం కర్రని.

ఈమధ్య మా గ్రౌండు కమిటీ ఆడపిల్లల జట్టుకు కోచ్‌ని పెట్టాలనుకుంది. కోచ్ అన్న పేరుంటేనే బయటి టోర్నమెంట్లలో జట్టు పక్కన కూర్చోనిస్తారు. లేకపోతే ఇనుప తీగల జాలీ అవతల చూసేవాళ్లలో ఒకడు. ఆ పిల్లలకు బంతి పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది జీవరత్నమే. వాళ్లు ఆడుతుంటే ఎప్పుడూ జాలీ అవతలే నిలబడ్డాడు. ఈసారైనా లోపల కూర్చోవాలని అతనికి ఆశగా ఉందని అందరికీ తెలుసు. కమిటీ సెక్రటరీ యాదగిరన్న నన్ను హోటల్‌కి పిలిచి చాయ్ ఇప్పించాడు.

“కెప్టెన్ సాబ్, ఆడపిల్లల టీముకు నువ్వే కోచ్.”

“జీవరత్నం ఉన్నాడు కదన్నా?”

“ఉంటే? నేర్పనీ, ఎవరొద్దన్నరు? గని కప్పు లేనోని పేరు ఎట్ల రాస్తమే? పోరిలకు ఏం నేర్పుతడు, ఓడుడా?” యాదగిరన్న చాయ్ ఊదుకుంటూ నవ్వాడు. “పెండ్లికొడుకు లేని ఊరేగింపని నువ్వే గద జెప్పినవ్!”

అప్పుడైనా నోరు తెరిచానా? ‘చూద్దాం అన్నా’ అన్నాను. ఇంకా ఘోరం చెబుతాను, నాకు లోపల సంతోషమేసింది. కోఠి వెళ్లి ఒక విజిల్ కొన్నాను. ఈ పొట్టను ఎలాగో ఒక ట్రాక్ ప్యాంటులోకి దింపాను, ఆ పనికి ఇంటిల్లిపాదీ సాయం పట్టారు.

ఆ ఆదివారం పొద్దున విజిల్ జేబులో వేసుకుని గ్రౌండుకు వెళ్లాను. జీవరత్నం పిల్లలతో ఉన్నాడు. తల నెరిసింది, కాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఒక పొడుగాటి అమ్మాయి లేచి కొట్టిన బంతి సరిగ్గా లైను మీద పడి సున్నం లేపింది. నాకు ఒళ్లు జలదరించింది. అచ్చం అతని దెబ్బ. మెచ్చుకుంటాడనుకున్నాను.

“లైను మీదికి పోకు బిడ్డా,” అన్నాడు. “నడిమికి కొట్టు. నేను ఫైనల్ల గట్లనే ఆశకు పోయిన. బయట పడ్డది. ఒక్క బంతికి టీమంతా ఓడింది.”

ఆ అమ్మాయి తలూపింది. తర్వాతి బంతిని బుద్ధిగా మధ్యకు కొట్టింది. అవతలి పిల్ల నిలబడ్డచోటి నుంచే తేలిగ్గా తీసుకుంది.

ఇన్నాళ్లూ నాకొక సాకు ఉండేది. నేను ఆ రోజు ఒప్పుకున్నా స్కోరు సమానమయ్యేదే గాని వాళ్లు గెలిచేవారని రాసిపెట్టి లేదు కదా, కప్పు ఎలాగూ మాకే వచ్చేదేమో కదా, ఆరుగురు ఆడే ఆటలో ఒక్క వేలు ఎంతని, రాత్రీ పగలూ నాకు నేను వకీలునై వాదించుకుంటూ వచ్చాను. కప్పు సంగతి వదిలెయ్యండి. కప్పు ఉన్నా లేకపోయినా అతను ఎంత ఆటగాడో అంతే ఆటగాడు, నేను ఎంత కర్రనో అంతే కర్రను. నేను తీసుకున్నది కప్పు కాదు. తన చెయ్యి మీద తనకున్న నమ్మకాన్ని తీసుకున్నాను. అతను ఆ దెబ్బ మానేశాడు. మానెయ్యమని నేర్పుతున్నాడు. ఆ రోజుకు పుట్టని పిల్లల భుజాల్లోకి నా అబద్ధం దిగుతోంది.

అయినా అతని దగ్గరికి వెళ్లలేదు. యాదగిరన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయనకు చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను. బంతి నా వేలికి తగిలిందన్నా, నేను అబద్ధమాడానన్నా అన్నాను. ఆయన నా మొహం చూసి, చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు.

“అరె, ఏం కథ అల్లినవే! దోస్తు కోసం నీ పరువు నువ్వే తీసుకుంటున్నవా? నీది మస్తు పెద్ద దిల్!”

ఒట్టు పెట్టాను. ఇంకా నవ్వాడు. పక్క బల్లవాళ్లను పిలిచి మళ్లీ చెప్పమన్నాడు. జన్మలో ఒక్కసారి కొలత పెంచకుండా ఒక విషయం చెబితే, అది నా జోకులన్నిటిలోకీ పెద్ద జోకయింది. అప్పుడు భయమేసింది. నిజం చెప్పడానికి నాకు గొంతే మిగల్లేదా?

మరుసటి ఆదివారం గ్రౌండుకు వెళ్లాను. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, వద్దులెండి, గట్టిగా కొట్టుకుంది. నెట్టు కడుతున్న జీవరత్నం పక్కన నిలబడి చెప్పాను. ముందూ వెనకా ఏమీ కలపలేదు. తగిలింది, లేదన్నాను. అంతే.

అతను నవ్వలేదు. వెంటనే నమ్మాడు. తాడు ముడి మధ్యలో వదిలేసి, “ఏ వేలు?” అన్నాడు.

చూపించాను. దాన్ని చాలాసేపు చూశాడు. తిడతాడని ఎదురుచూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“అయితే బంతి మంచిగనే పోయింది,” అన్నాడు మెల్లగా, నాతో కాదు. తర్వాత నాకు వీపు తిప్పి ఆ పొడుగాటి అమ్మాయిని పిలిచాడు. “బిడ్డా, లైను మీదికి కొట్టు.”

“వద్దన్నరు గద సార్?”

“అన్న. తప్పు జెప్పిన. కొట్టు.”

తప్పు జెప్పిన అన్నాడు. ఎవరి తప్పో ఆ అమ్మాయికి చెప్పలేదు. ఆమె కొట్టింది. బంతి లైను అవతల పడింది. జీవరత్నం వెళ్లి తనే బంతి తీసుకొచ్చి ఆమె చేతికిచ్చాడు. “మల్ల కొట్టు.”

నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. క్షమించావా అని నేనూ అడగలేదు. అడిగితే దానికి జవాబు వెతుక్కునే బాధ కూడా అతని నెత్తినే వేసినట్టవుతుంది.

కోచ్ పని నాకొద్దని యాదగిరన్నతో చెప్పాను. ఆయన ఇంకా నా మాట నమ్మడం లేదు. జీవరత్నం పేరు రాయండంటే, కమిటీలో అందరి ముందూ పెట్టాలి, నువ్వెందుకు వద్దంటున్నవో కారణం కాయితం మీద రాసియ్యి అన్నాడు. వాళ్లేం తేలుస్తారో నాకు తెలియదు. ఇప్పుడు మీరు చదివింది ఆ కారణమే. నన్ను ఎరగని మీరైనా నవ్వకుండా వింటారని ముందు మీకు వినిపించాను. కింద సంతకం పెట్టాను.