బూడిద గుంతలో ఇనుప పట్టీ

మొన్న కేసముద్రంలో మేనల్లుడి షెడ్డుకు వెళ్తే, కొత్త మిషను ట్రాలీ పట్టీకి నిమిషంలో రంధ్రం వేసిపెట్టింది. అంచు నున్నగా ఉందో లేదో నా వేలు దానంతటదే తడిమి చూసింది. మన ఈడు వాళ్లకు చెప్పుకుంటే తప్పేముంది, నేను పాపాత్ముణ్ణి.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుమీదున్న రోజులవి. దంతాలపల్లిలో చేను కలిసిరాక, కేసముద్రం వచ్చి మా అక్కభర్త పనిచేసే సేటు షెడ్డులో కొత్తగా చేరాను. ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే పట్టీలను పాత లారీల చక్రాల మీద బరువు మోసే కమాన్లతో చేసేవాళ్లం. ఆ ఉక్కు మహా మొండిది. ఎర్రగా కాల్చి, నిప్పులతో సహా బూడిద గుంతలో పూడ్చి, మర్నాటిదాకా కదపకుండా ఉంచితేనే మెత్తబడుతుంది, మధ్యలో గాలి తగిలితే గట్టిపడిపోతుంది. రంధ్రం వేశాక మళ్లీ కాల్చి నూనెలో ముంచి గట్టిపరచాలి. మెత్తబడిన ఉక్కులో బావ డ్రిల్లు దించితే తెగిన ఇనుప చెక్కు ఉంగరాలు ఉంగరాలుగా లేచేది, చూడముచ్చటగా ఉండేది.

ఒక బంద్ రోజున రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. పొయ్యి అంటుకోవడం లేదని నిప్పులడిగితే, బావ లేని సమయం చూసి, పెద్ద ఉద్యమకారుణ్ణయిపోయి గుంత తవ్వి తట్టెడు నిప్పులు ఎత్తిచ్చాను. ఎర్రటి పట్టీ గాలికి బయటపడింది. పైపైన బూడిద కప్పేసి, వెళ్లి పులిహోర తిన్నాను.

మర్నాడు డ్రిల్లు కీచుమంది. చెక్కు లేవలేదు, పొడి రాలింది. అంచు గరుకుగా, నీలంగా మాడింది. బావ మిషను ఆపి, "గుంత ఎవరన్న తీసిండ్రా బామ్మర్దీ?" అని అడిగాడు. "నాకేం ఎరుక బావా" అన్నాను. మళ్లీ కాల్చి పెడతానని బావ బతిమాలినా, పట్టీ కోసం కాచుకున్న పత్తి రైతు తొందరకు సేటు ఒప్పుకోలేదు. బావ పళ్లు బిగబట్టి రంధ్రం వేశాడు.

మూడోనాడు మార్కెట్ యార్డు గేటు దగ్గర ఆ రంధ్రం అంచునుంచే పట్టీ పగిలి, పత్తి ట్రాలీ వెనక్కి దొర్లి గోడను కూల్చింది. సేటు విరిగిన ముక్కను తీగతో బావ మెడకు కట్టి, పొద్దు గూకేదాకా షెడ్డు ముందు నిలబెట్టాడు. ధర్నాలో కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. నవ్వకపోతే అనుమానిస్తారని నేనూ నవ్వాను. ఆ తర్వాత బావకు ఎవరూ మిషను అప్పజెప్పలేదు. భూపాలపల్లిలో బొగ్గు లారీల దగ్గర కూలి చేసి, అక్కడే పోయాడు.

ఇప్పుడు రాష్ట్రం వచ్చింది. సేటు దగ్గర ఆ షెడ్డునే తీసుకుని, బూడిద గుంత పూడ్చి, దాని మీద మేనల్లుడు మిషను పెట్టుకున్నాడు. ఉక్కు మెత్తనిదో గట్టిదో ముందే రాసి వస్తుంది, ఎవరినీ అడగనక్కర్లేదు. పట్టీ నా చేతిలో పెట్టి, "మా నాయిన డ్రిల్లు పడితే ఉక్కే పగిలేదట గద మామా" అంటూ నవ్వాడు.

నేను మళ్లీ నవ్వాను.