జారిన మేజోడు

మొన్న మా అమ్మాయి స్కూలు పని కోసం గమ్ము సీసా మూత తీసింది. ఆ వాసన తగలగానే నా పిక్కలు బిగుసుకున్నాయి.

తొంభైల్లో మేం బహ్రెయిన్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఉండేవాళ్ళం. పక్క బిల్డింగులో మోరీన్ టీచరని ఐర్లాండు నర్సు సాయంత్రాలు వాళ్ళ దేశపు డాన్సు నేర్పేది. నడుం పైన కొయ్యబొమ్మ, కింద బొంగరం. చేతులు తొడలకు అంటుకునే ఉండాలి. ఏసీ హోరులో మమ్మల్ని మునివేళ్ళ మీద నిలబెట్టి, కళ్ళు మూయించి, బరువు ఏ వేలి మీద ఉంది, ఏ భుజం బిగిసింది అని అడిగేది. చెప్పలేకపోతే మళ్ళీ మొదటినుంచీ. అంతకుముందు నేర్చిన కూచిపూడి పుణ్యమా అని నా మోకాళ్ళు వాటంతటవే వంగేవి, చేతులు లేచేవి.

నాన్నకిదంతా కోతిగంతులు. "ఈసారి ప్రైజు రాకపోతే ఇంక మానెయ్యటమే" అని తేల్చేశాడు. నాకు అన్నం సయించలేదు.

పోటీ శుక్రవారం పొద్దున, వంతెన అవతల ముహర్రక్‌లో ఒక హాల్లో. శుక్రవారం సెలవు, మా ఇంట్లో తలంటు రోజు. అమ్మ నువ్వులనూనె గోరువెచ్చగా కాచి, పోటీ కదా అని ఎప్పటికన్నా ఎక్కువే నా పిక్కలకు పట్టించింది.

"సున్నిపిండితో రుద్దనులే, నూనె ఇంకనియ్యి. కాళ్ళు తేలిగ్గా ఆడతయ్."

పొడవాటి తెల్ల మేజోళ్ళు జారకుండా టీచరు కాలికి జిగురు రాసి అంటిస్తుందని అమ్మకు తెలియదు. నూనె మీద జిగురు నిలవదని నాకూ తట్టలేదు.

స్టేజి మీద నాలుగు గంతులు వేశానో లేదో కుడి మేజోడు జారడం మొదలైంది. పిక్క దిగింది, చీలమండ దిగింది, చివరికి బూటు మీద కుప్పపడింది. వంగి లాక్కుంటే ఆట పోయినట్టే, చెయ్యి కదిలినా పోయినట్టే. ముందు వరసలో అమ్మ తన కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకుని నా కాలినే చూస్తోంది. ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు పైకెత్తి, వేళ్ళు తొడలకు నొక్కిపెట్టి, ఆఖరి గంతు దాకా ఆడాను.

ప్రైజు రాలేదు. నూనె మీద జిగురు పట్టలేదని టీచరు అమ్మానాన్నలకు చెప్పింది. కారు వంతెన దాటింది. ఎప్పుడు మానెయ్యమంటాడా అని వెనక సీట్లోంచి అద్దంలో నాన్న మొహమే చూస్తూ కూర్చున్నాను. మా సందు మలుపులో, అమ్మ వైపు చూడకుండానే అన్నాడు:

"వచ్చే పోటీకి దాని కాళ్ళకి నూనె పెట్టమాకు."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కొన్నాళ్ళకే మోరీన్ టీచరు సొంత దేశం వెళ్ళిపోయింది, క్లాసు మూతపడింది. తర్వాత మేమూ వచ్చేశాం. ఇప్పుడు మా ఇంట్లో తలంటుకు ఎవరికీ తీరిక లేదు, మునివేళ్ళ మీద నిలబడితే నా మడమలు వణుకుతాయి. నాన్న చెప్పిన ఆ వచ్చే పోటీ మాత్రం రానేలేదు.