నీలం తలుపు, మీగడ రంగు గోడ

నా చిన్నప్పుడు వన్ టౌన్‌లో మా ఇంటి గోడలకు ఏడాదికి రెండు రంగులు ఉండేవి. వెల్ల వేసిన వారం పది రోజులు తెలుపు, మిగతా ఏడాదంతా రేవు దుమ్ము. ఓడల్లోకి ఎక్కించే ఇనప ఖనిజం పొడి గాలికి లేచి వచ్చి కిటికీ చువ్వల మీద, ఆరేసిన బట్టల మీద, మూత పెట్టడం మరిచిపోతే పాలగిన్నెలో కూడా ఎర్రగా వాలేది. మా అమ్మ గచ్చు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడిచేది. గోడల్ని ఎవరు తుడుస్తారు? అవి అలా ఎర్రబారి ఉండేవి. మాది గోదావరి వైపు ఊరు. నాన్నకు రేవులో ఉద్యోగం వచ్చాక ఇక్కడికి వచ్చి, ఆ ఇరుకు సందులో మూడు గదుల పాతిల్లు కొనుక్కున్నారు. నేను పుట్టింది అక్కడే.

నాకు తొమ్మిదో ఏట టైఫాయిడ్ వచ్చింది. నెల పైన మంచం దిగలేదు. నన్ను చూసుకోవడానికి మా నాయనమ్మ ఊరి నుంచి వచ్చింది. పగలంతా పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసిరేది, జావ తాగించేది, ఊళ్ళో వాళ్ళ కబుర్లన్నీ చెప్పేది. ఎప్పుడు వచ్చి మంచం మీద కూర్చున్నా ముందు నా ముఖమంతా చేత్తో తడిమేది. నుదురు, ముక్కు, బుగ్గలు, గడ్డం. అది ప్రేమ అనుకునేదాన్ని. ప్రేమే, కాదనను. అందులో ఇంకొకటి కూడా ఉందని అప్పుడు నాకు తెలియదు.

జ్వరం దిగి పథ్యం పెట్టిన రోజున నాన్న ఎంత సంతోషపడ్డాడంటే, ఈసారి ఇంటికి ఏ రంగు వేయించాలో నువ్వే చెప్పమన్నాడు. అమ్మకు మీగడ రంగు మీద మనసు. సున్నంలో కాస్త పసుపు మట్టి కలిపితే వస్తుంది ఆ రంగు. దుమ్ము పడ్డా కొట్టొచ్చినట్టు కనపడదు, గదిలో వెలుతురు ఉంటుంది అని అమ్మ నచ్చజెప్పింది. నేను నీలమే అన్నాను. ఒళ్ళంతా కాలిపోయిన నెల తర్వాత నాకు చల్లగా కనపడే గోడ కావాలి. పైగా మా ఇంటి తలుపులు నీలం. ఉప్పుగాలికి, ఎండకి వెలిసిపోయి లేతబడిన నీలం. గోడలు కూడా అదే రంగులో ఉంటే ఇల్లంతా ఒక్క ముక్కలా ఎంత బాగుంటుంది అనుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అమ్మ విసిగిపోయి, దీనికి జ్వరం దిగింది గానీ కళ్ళు నెత్తికెక్కాయి అంది.

ఆ తలుపులకు రంగు వేసింది పక్కింటి మావయ్య. చుట్టం కాదు. వాళ్ళది సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. చెయ్యి మంచిదని పడవలకు రంగులు వేయడానికి అందరూ ఆయన్నే పిలిచేవారు. పడవకు వేయగా మిగిలిన నీలమే మా తలుపులకు పట్టించాడు. సముద్రం పోటు మీద ఉండి వేటకు వెళ్ళని రోజుల్లో మా సందులో ఇళ్ళకు వెల్ల కూడా వేసేవాడు. మా అమ్మకు ఆయన పని మీద ఎంత నమ్మకమంటే, గోడ పెచ్చులు ఊడినా వేరేవాళ్ళని పిలవనిచ్చేది కాదు.

ముందు రోజే పీపాలో సున్నపు రాళ్ళు వేసి నీళ్ళు పోశాడు. అది అన్నంలా కుతకుతా ఉడుకుతుంటే నేను దూరంగా నిలబడి చూశాను. మర్నాడు పొద్దున్నే పల్చటి గుడ్డలో వడకట్టి, బట్టలకు పెట్టే నీలిమందు కలిపి, వెనక గదితో మొదలుపెట్టాడు. నాయనమ్మ పడుకునే గది అది. దొడ్డి తలుపు అందులోనే ఉంది. నేను పక్కనే నిలబడి, తలుపు రంగుకు కలవలేదు, ఇంకా వెయ్యి, ఇంకా వెయ్యి అంటూ పీకల మీద కూర్చున్నాను.

"ఏటి గుంటా, ఇంకెంత కలపమంతావు? గోడనుకున్నావా, పడవనుకున్నావా?" అన్నాడు నవ్వుతూ. అంటూనే ఇంకో పొట్లం విప్పాడు.

మధ్యాహ్నానికి దొడ్డి తలుపు వైపు గోడ పూర్తయింది. తలుపేదో గోడేదో తెలియనంతగా కలిసింది. నాకు గర్వం. మావయ్య దొడ్లో నీడన కూర్చుని భోజనం చేస్తున్నాడు. నేను వంటింట్లో అన్నం తిని, నా గోడని మళ్ళీ చూసుకుందామని వెళ్ళాను. తడి గోడ మీద చేతిముద్రలు. మూల నుంచి మొదలుపెట్టి తలుపు దాకా, నడుమెత్తున, వరసగా ఏడు. దొడ్లో నాయనమ్మ కుళాయి కింద చెయ్యి రుద్దుకుంటోంది.

ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన మాట ఈ వయసులో తలుచుకున్నా సిగ్గుగా ఉంటుంది. నెల రోజులు నా మంచం పక్కన కూర్చున్న మనిషి మీద విరుచుకుపడి, "కళ్ళు కనపడట్లేదా నీకు?" అన్నాను.

కాలు జారిందమ్మా, గోడ పట్టుకున్నాను అంది నాయనమ్మ. అమ్మ వచ్చి నన్ను రెండు తిట్టి, ఆవిడకు ఎక్కడా దెబ్బ తగల్లేదు కదా అని చూసి, లోపలికి వెళ్ళిపోయింది. మావయ్య అన్నం సగంలో వదిలేసి లేచాడు. సున్నం సెయ్యి తినేస్తాది మామ్మగారూ అంటూ ఆవిడ చెయ్యి దగ్గరుండి కడిగించి, కొబ్బరినూనె తెప్పించి రాశాడు. తర్వాత గోడ దగ్గర నిలబడి ఆ ముద్రల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ తలుపు దాకా నడిచాడు. కాలు జారి పట్టుకుంటే ఒక ముద్ర పడుతుంది, మహా అయితే రెండు. అది నాకు తట్టలేదు. నాకు నా గోడ ఏడుపే.

నాయనమ్మ ముందు గదిలోకి వెళ్ళి నడుం వాల్చి నిద్రపోయాక మావయ్య నన్ను పిలిచాడు. ఏడుపు ఆపితే ఒక ఆట ఆడిస్తానన్నాడు. ఎందుకో ముందు నా చేతులకు కూడా నూనె రాశాడు. సున్నం వడకట్టడానికి అమ్మ ఇచ్చిన పాతచీర ముక్కల్లో వాడనిది ఒకటి తీసి, రెండు మడతలు వేసి నా కళ్ళకు కట్టాడు. వెలుతురు కనపడుతోంది, ఆకారాలు పొగలో ఉన్నట్టున్నాయి. "దొడ్లోకెల్లి సెంబుతో నీల్లట్రా" అన్నాడు.

ఇంతేనా అనుకున్నాను. నేను పుట్టి పెరిగిన ఇల్లు. నాలుగడుగులు వేశానో లేదో తలుపు లేదు. ఎదురుగా అంతా ఒకటే నీలం, ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియదు. పీపా ఎక్కడుందో గుర్తులేదు, దాని మీద పడతానేమోనని భయం వేసింది. చెయ్యి చాచాను. చల్లగా, తడిగా గోడ తగిలింది. ఆ గోడనే పట్టుకుని, ఒక్కొక్క అడుగే జరుపుతూ వెళ్ళాను. అంతలో చెక్క తగిలితే ప్రాణం లేచి వచ్చింది.

ఆయన కట్టు విప్పలేదు. భుజాలు పట్టుకుని నడిపిస్తూ ముందు గదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఇంకా పాత వెల్లే ఉంది, దుమ్ము పట్టినా లేత గోడే. తలుపు సూపించు అన్నాడు. వెతకాల్సిన పని లేకపోయింది. లేత గోడలో నీలం తలుపు నిలువునా తెలిసింది. దేన్నీ పట్టుకోకుండా గడప దాకా నడిచి వెళ్ళి నిలబడ్డాను.

మళ్ళీ వెనక గదికి తీసుకొచ్చి అప్పుడు కట్టు విప్పాడు. నీలం గోడ మీద నాయనమ్మ చేతిముద్రలు ఏడు. వాటి కింద, జానెడు దిగువన, నావి. అదే వరస, అదే దారి, తలుపు దాకా.

ఆయన కుంచె తీసుకుని నీళ్ళలో ఝాడిస్తూ ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పాడు. "పడవకి ఎంత నీలం ఏసినా పైన అంచుకి పసుపో తెలుపో ఏత్తాం పాపా. సముద్రంలో కలిసిపోతే ఒడ్డునున్నోలకి మా పడవ కంటికి ఎలాగ ఆనతాది?"

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. నాయనమ్మ నా ముఖం ఎందుకు తడుముతుందో, జావ గ్లాసు నా చేతికి అందించేటప్పుడు ముందు నా చెయ్యి ఎందుకు వెతుకుతుందో, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఇప్పుడే నాన్నకు చెప్పేస్తాను, రేవు నుంచి రాగానే చెప్పేస్తాను అన్నాను. మావయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆ మాట మామ్మగారిది, ఆవిడే సెప్పుకోవాల. గోడ మనది. మనం సూసుకుందాం."

సాయంత్రం నాన్న రాగానే నీలం నచ్చలేదు, మీగడ రంగే వేయించమన్నాను. పూటకో మాట ఏంటని నాన్న మొదటిసారి నా మీద గట్టిగా అరిచాడు. అమ్మ, పొద్దుటి నుంచీ దీని వేషాలు ఇవే అంది. ఎందుకు మార్చుకున్నానో చెబితే తిట్లు ఆగిపోయేవి. పెదవి కొరుక్కుని నిలబడ్డాను. అప్పుడు మావయ్య గుమ్మంలోంచి అన్నాడు. "పాపని తిట్టకండి బాబూ. నాను కలిపిన పాళ్ళు కుదర్లేదు, గోడ మచ్చలొచ్చేసింది. రేపు మార్సేత్తాను." పాళ్ళు కుదరకపోవడం ఆయన చేతిలో ఎన్నడూ జరగలేదు. సందు సందంతా మెచ్చుకునే పనిమంతుడు తన పనే బాగాలేదని నా కోసం ఒప్పుకున్నాడు.

మర్నాడు నీలం మీద మీగడ రంగు రెండు పూతలు పడింది. ఆ తర్వాతి రోజు పొద్దున నేను దొడ్లో పళ్ళు తోముకుంటుంటే నాయనమ్మ మంచం దిగింది. చెయ్యి చాచబోయి ఆగింది. ఒక నిమిషం అలాగే నిలబడి, తిన్నగా తలుపు దగ్గరికి నడిచి వచ్చేసింది. చెయ్యి గోడను తాకలేదు. గడప మీద నిలబడి, నీ నీలం ఏమైందమ్మా అని అడిగింది. వద్దనుకున్నాను అన్నాను. నన్ను దగ్గరికి తీసుకుని ఎప్పటిలాగే ముఖం తడిమింది. మొన్న అలా అన్నందుకు ఏదో చెప్పబోయాను.

"నువ్వన్నది నిజమే కదమ్మా," అంది నాయనమ్మ. "మీ నాన్నతో అనకు. కళ్ళు లేని ముసల్దాన్ని ఊరికి పంపించేస్తే నిన్నెవరు చూస్తారు?"

నేను అనలేదు. చెంబు రోజూ ఒకే చోట పెట్టేదాన్ని, పీటలు దారిలోంచి తీసేసేదాన్ని, బజారుకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం నాన్న పేపరు చదువుకుంటుంటే ఆవిడే వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పేసింది. నాన్న ఊరికి పంపలేదు. ఇన్నాళ్ళూ చెప్పలేదేమని కోప్పడి, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆసుపత్రిలో శుక్లాలు తీయించాడు. దళసరి కళ్ళద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చిన రోజు నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఇంత బక్కగా ఉన్నావేమే, చేతికి తగిలినప్పుడు బొద్దుగానే ఉన్నావే అంది. అందరం నవ్వాం. పక్కింటి మావయ్యకు ఆ రోజు మా ఇంట్లోనే భోజనం. ఆ గోడ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ గోడకు ఎక్కడ పెచ్చు లేచినా లోపల నీలం కనపడేది. అదుగో నీ నీలం అని నాన్న నన్ను ఏడిపించేవాడు.

ఇప్పుడు సీతమ్మధారలో మా ఫ్లాట్‌కు రంగులు వేయిస్తున్నారు. మొన్న నా కోడలు రంగుల కార్డు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఈ రోజుల్లో ఒక్క తెలుపుకే పాతిక పేర్లు. నా గదికి రెండు ఎంచి ఉంచిందట, ఒకటి చల్లటి లేత నీలం, ఇంకొకటి మీగడ రంగు లాంటిది. మీకేది ఇష్టం అత్తయ్యా అంది. కార్డు కిటికీ వైపు తిప్పాను. దగ్గరగా పెట్టుకున్నాను, దూరంగా పెట్టుకున్నాను. రెండు ముక్కలూ ఒకేలా ఉన్నాయి.

నీ ఇష్టమమ్మా అనబోయాను. కొన్నాళ్ళుగా నాకు అలవాటైపోయిన మాట అది. పేపరు చదవబుద్ధి కావట్లేదు, టీవీలో చూడటానికి ఏముంది, బయటికి ఎవరు వెళతారు ఈ ఎండలో. ఇంటిల్లిపాదీ నమ్మారు. కోడలు జవాబు కోసం చూస్తోంది. నాకు గోడ మీద ఆ రెండు వరసల చేతిముద్రలు గుర్తొచ్చాయి. ఆ మాట ఎవరిదో వాళ్ళే చెప్పుకోవాలని మావయ్య ఎప్పుడో చెప్పి వెళ్ళిపోయాడు. ఇప్పుడు అది నాది.

"నాకు రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా," అన్నాను.

కోడలు కార్డు మూసేసి నా పక్కన కూర్చుంది. ఎప్పట్నుంచి అత్తయ్యా అంది. ఎనిమిది నెలలు అన్నాను. గోడలకు మీగడ రంగు, తలుపులకు ముదురు నీలం వేయించమన్నాను. రాసుకుంది. వచ్చే సోమవారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. అంతా విన్నాక నా కొడుకు కూడా అచ్చం మా నాన్నలాగే, ముందు కోప్పడ్డాడు.

ఆ మాట చెప్పడానికి మా నాయనమ్మకు నాలుగు నెలలు పట్టింది. ఆవిడ ముద్రల కింద నా ముద్రలు చూసుకున్నదాన్నైనా, నాకు ఎనిమిది పట్టింది.